నాలుగు వేళ్ల దూరం

చనిపోయిన మనిషి కూర్చున్న సీటు మూడో రంధ్రంలో ఉంది. అతని నోటుబుక్కులో మాత్రం ఆరు అని రాసి ఉంది.

నిదానం ఆ రెండు అంకెల మధ్య చాలాసేపు నిలబడిపోయాడు. అసలు పేరు వేరే ఉంది గానీ, పోలీసు శాఖలో ఉన్న ఇరవై రెండేళ్లూ అందరూ అతన్ని పిలిచింది అలాగే. ఫైలు తెరిస్తే మూయడు. మనిషిని ఒక ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా గోడలా ఎదురుగా కూర్చుంటాడు. ఉద్యోగం వదిలేసి ఐదేళ్లయింది. ఆ పేరు పెట్టినవాళ్లలో సగంమంది రిటైరైపోయారు, పేరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

జిమ్‌లో పద్నాలుగు మెషీన్లు. ఇది ఛాతీ మెషీను. కూర్చుని, రెండు చేతులతో రెండు పిడుల్ని ముందుకి తోయాలి. వెనక ఇనప పలకల దొంతర ఉంటుంది. ఏ పలక కింద పిన్ను గుచ్చితే అంత బరువు లేస్తుంది. మణికట్టుకి వేసుకున్న రబ్బరు పట్టీని మెషీనుకి ఒకసారి తాకిస్తే చాలు, ఎవరు తోశారో, ఎంత తోశారో, ఎన్నిసార్లు, ఏ నిమిషంలో, అన్నీ అదే రాసుకుంటుంది.

రాసుకుంది కూడా. నిన్న, సోమవారం, ఉదయం ఆరూ నలభై ఒకటికి, గడియారాలు బాగుచేసే మేస్త్రి పేరు మీద, నలభై ఐదు కిలోలు. పన్నెండు, పన్నెండు, తొమ్మిది. పదోదాని కోసం మెషీను ఎదురుచూసింది. అది రాలేదు.

ఏడూ పదికి ఊడ్చే ఆవిడ వచ్చేసరికి మేస్త్రి పిడుల మధ్య తల వాల్చేసి ఉన్నాడు. అరవై ఆరేళ్ల మనిషి. నాలుగు నెలల క్రితం గుండెకి ఆపరేషన్ అయింది. చేతులకి కాస్త పని చెప్పమని డాక్టర్లు అంటే ఇక్కడ చేరాడు. కోచ్ అతనికి రాసిచ్చిన బరువు పదిహేను కిలోలు.

వెనక తలుపులు దడేల్మన్నాయి. రెండు రెక్కలనీ ఒకేసారి తోసుకుంటూ లోపలికి రావడం ఇన్‌స్పెక్టరుకి అలవాటు. కుడి రెక్క వెళ్లి గోడకి తగిలింది. ఎడమ రెక్క సగంలోనే ఆగి, తిరిగొచ్చి అతని బూటుకి కొట్టుకుంది.

"ఈ తలుపు ఎప్పుడూ ఇంతే," అని దాన్ని కాలితో తన్ని, వాచీ చూసుకున్నాడు. "పదీ ఐదు. పదకొండింటికి ఆ కోచ్ అమ్మాయిని తీసుకెళ్తున్నా బావా. అక్క మొహం చూసి నీకు గంట ఇచ్చా. ఐదు నిమిషాలు అప్పుడే సీటుకి సమర్పించావు."

అతను నిదానానికి స్వయానా బావమరిది. ఏడేళ్లప్పుడు తల్లి పోతే అక్కే పెంచింది. పెళ్లయి కాపరానికి వచ్చిన రోజు ఆవిడ వెంట రెండు పెట్టెలూ ఈ తమ్ముడూ దిగారు. పెట్టెలు ఎప్పుడో చివికిపోయాయి. తమ్ముడు ఆరడుగులు పెరిగి, నిదానం ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు.

"సీటు మూడులో ఉందిరా," అన్నాడు నిదానం.

"అయితే?"

"మేస్త్రి పొట్టివాడు. సీటు ఆరుకి ఎత్తితేగానీ పిడులు ఛాతీకి ఎదురుగా రావు. మూడులో కూర్చుంటే చెవుల దగ్గరుంటాయి. నలభై రెండు రోజుల లెక్క రాసుకున్నాడు చూడు. నలభై రెండు సార్లూ ఆరే."

"పోయేకాలం వచ్చినవాడు సీటు నంబరు చూసుకుంటాడా? పదిహేను కిలోలవాడు నలభై ఐదు పెట్టుకున్నాడు. అంత మతిలేని పని చేసినవాడికి సీటు ఒక లెక్కా?"

"మతిలేని మనిషి కాదు. అదే నా బాధ."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. ఆ నవ్వులో చిన్నప్పటి కుర్రాడు ఇంకా కనిపిస్తాడు. నిదానం అతని మీద నిజంగా కోపం తెచ్చుకోలేకపోవడానికి సగం కారణం అదే.

"బావా, నీకు చిలక్కి చెప్పినట్టు చెబుతా విను. కోచ్ నోటితో కోచే చెప్పింది, రెండో సెట్టు దాకా దగ్గరుండి చూశానని. గుండె జబ్బు మనిషి మూడింతల బరువు తోస్తుంటే చూస్తూ నిలబడింది. మెషీను అదే చెబుతోంది. డాక్టరూ గుండె ఆగింది అన్నాడు. ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే నువ్వొక్కడివీ సీటు పట్టుకుని వేలాడతావేంటి?"

"నీకు ఫోనెప్పుడొచ్చింది?"

"ఏడూ పన్నెండు."

"ఇక్కడికి ఎప్పుడొచ్చావు?"

"ఏడూ పద్దెనిమిది. పక్క పార్కులో నడుస్తున్నా." ఒక్క క్షణం ఆగి, కళ్లు చిట్లించాడు. "ఏంటి, గుమ్మడికాయల దొంగ ఎవరంటే నేను భుజాలు తడుముకోవాలా? భుజం నీదే కదా చెడింది, నువ్వే తడుముకో. అందుకేగా ఇక్కడికి రోజూ వస్తున్నావు."

నిదానం కూడా నవ్వాడు. కుడిభుజం నిజంగానే చెడింది. చెయ్యి తలదాకా లేవని మనిషిని రెండు నెలల్లో పై అరలోంచి పుస్తకం తీసుకునేలా చేసింది ఆ కోచే. ఇవాళ ఉదయం ఆవిడ ఫోన్ చేసి, "సార్, నా వల్ల పోలేదండీ," అని మాత్రం అంది. మిగతాదంతా ఏడుపే.

"ఒంటిగంటకి అక్క భోజనానికి రమ్మంది, ఇద్దర్నీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెళ్తూ. "కేసు మొహం అక్కడికి తేకు."

తలుపులు మూసుకున్నాయి. నిదానం మళ్లీ నోటుబుక్కు తెరిచాడు.

అరచేతిలో పట్టేంత పుస్తకం. గడియారం ముళ్లు పట్టే చేతి రాత, చీమల బారులా ఉంది. మెషీను తనంతట తాను రాసుకుంటున్నా, మేస్త్రి దాన్ని నమ్మలేదు. 'యంత్రం తప్పు చెప్పదు గానీ, తప్పు అడిగితే తప్పే చెబుతుంది,' అని ఒకసారి అన్నాడు. రోజూ తేదీ, మెషీను, సీటు, బరువు, లెక్క, ఆగిన సమయం. ఆగిన సమయం గడి అంతటా తొంభై, తొంభై, తొంభై. సెకన్లు.

చివరి పేజీ శనివారానిది. పక్కన ఖాళీలో అడ్డంగా ఒక వాక్యం: 'ని. గారికి గడియారం సంగతి.'

ఆ వాక్యాన్ని నిదానం ఇప్పటికి నాలుగోసారి చదివాడు.

శనివారం అతను వెన్ను మెషీను మీద ఉన్నాడు. మేస్త్రి తువ్వాలు మెడలో వేసుకుని పక్కకి వచ్చి నిలబడ్డాడు. "నిదానం గారూ, మీతో ఒక గడియారం గురించి చెప్పాలండీ. మూత లోపల నా గుర్తు ఉంది..." నిదానం ఒక వేలు పైకెత్తాడు. "ఆగు మేస్త్రీ, తొమ్మిది... లెక్క తప్పుతుంది." పది. పదకొండు. పన్నెండు. తల తిప్పేసరికి మేస్త్రి తన తొంభై సెకన్లు అయిపోయి తన మెషీనుకి వెళ్లిపోయాడు. "సోమవారం తెచ్చి చూపిస్తాలెండి," అని అక్కణ్నుంచే హాలంతా వినిపించేలా అరిచాడు. నిదానం తల ఊపాడు. మనసు అప్పటికే తర్వాతి సెట్టు బరువు మీద ఉంది.

ఒక మనిషి జీవితంలో చెప్పాలనుకున్న ఆఖరి ముఖ్యమైన మాట. దాన్ని మూడు అంకెల కోసం ఆపేశాడు. ఇరవై రెండేళ్లు ఎదుటివాళ్ల చేత మాట్లాడించి బతికిన మనిషి.

సోమవారం అతను పన్నునొప్పితో ఇంట్లోనే ఉండిపోయాడు. మేస్త్రి లాకరులో దొరికిన వస్తువుల జాబితా ఇన్‌స్పెక్టర్ చేతిరాతలోనే ఉంది: తువ్వాలు, కళ్లజోడు డబ్బా, నీళ్ల సీసా, నోటుబుక్కు. గడియారం లేదు.

*

పదీ ఇరవైకి కోచ్ ఆఫీసు గదిలో ఎదురుగా కూర్చుంది. ఇరవై ఆరేళ్లుంటాయి. ఫైలొకటి రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని పట్టుకుంది. కూర్చున్నాక కూడా దించలేదు. చూపు మాటిమాటికీ పక్కనున్న స్టోరు గది తలుపు మీదికి పోతోంది.

"నిన్న మేస్త్రి రెండో సెట్టు చూశావా అమ్మా?"

"చూశానండీ."

"ఎలా చేశాడు?"

"ఎప్పట్లాగే. నిదానంగా..." నాలిక్కరుచుకుంది. "అంటే, మెల్లగా."

"పరవాలేదు, ఆ పేరుకి నేను అలవాటుపడిపోయా. సెట్టుకీ సెట్టుకీ మధ్య ఎంతసేపు ఆగాడు?"

"తొంభై సెకన్లు. ఆయన వాచీ చూసుకుంటాడు కదండీ. తొంభై ఒకటో సెకను నేను మాట్లాడిస్తే కోప్పడతాడు."

నిదానం తన ముందున్న కాగితాన్ని ఆవిడ వైపు తిప్పాడు. మెషీను రాసుకున్న లెక్క. మొదటి సెట్టు తర్వాత ముప్పై ఎనిమిది సెకన్లు. రెండోదాని తర్వాత ఇరవై ఐదు.

ఆవిడ చూసింది. చూసి ఫైలుని ఇంకా గట్టిగా హత్తుకుంది. గోడ గడియారం ముల్లు నడిచిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"నువ్వు చూడలేదు," అన్నాడు చివరికి. ఆ మాటలో నింద లేకుండా ఉండటానికి ప్రయత్నించాడు.

సరిగ్గా అప్పుడే స్టోరు గదిలోంచి సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినిపించింది. కోచ్ చప్పున లేచింది. ఫైలు కిందపడింది. చొక్కా ముందుభాగం రెండు చోట్ల తడిసి ఉంది.

నిదానం చూపు తిప్పుకున్నాడు. ఇంతసేపూ ఆ ఫైలు వెనక దాచింది నేరం అనుకున్నాడు.

స్టోరు గదిలో చాపల్లా చుట్టిన నురగ పరుపుల మధ్య గూడు కట్టినట్టు చోటు చేసి ఉంది. అందులో ఐదు నెలల పాప పిడికిళ్లు బిగించి లోకాన్ని తిడుతోంది.

"వాళ్ల నాన్న ఓడ మీద పనండీ. ఇంకో మూణ్ణెల్లకి గానీ రాడు," అంది కోచ్, పాపని భుజాన వేసుకుని, గోడ వైపు తిరిగి. "పిల్లల్ని చూసుకునే చోటు ఎనిమిదింటికి గానీ తెరవరు. నేను ఆరింటికి జిమ్ తెరవాలి. ఓనరుకి తెలిస్తే ఆ రోజుతో సరి. నిన్న ఆరుంపావుకి పాలిద్దామని లోపలికొచ్చా. మేస్త్రి గారు వెన్ను మెషీను మీద ఉన్నారు, ఇంకెవరూ లేరు. పాప పడుకుంది. నా కన్ను కూడా అంటుకుంది. లేచేసరికి ఏడూ ఐదు. గబగబా వెనక గుమ్మంలోంచి బట్టలు మార్చుకునే గదికి వెళ్లా. అంతలోనే ఊడ్చే ఆవిడ కేక."

"మరి చూశానని ఎందుకు చెప్పావు?"

"హాల్లో లేవా అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారండీ. లేనంటే ఎక్కడున్నావంటారు కదా. ఉన్నానన్నా. ఏం చూశావన్నారు. మెషీన్ల లెక్క కనిపించే ట్యాబ్‌లో ఉన్నదే చెప్పేశా. అందులో ఎలాగూ రాసి ఉంది కదా, జరిగిందే కదా, నేను చూస్తే ఏంటి చూడకపోతే ఏంటి అనుకున్నా." కాసేపాగి, "అంత చిన్న అబద్ధమండీ," అంది.

నిదానానికి తెలుసు. మనిషిని నిలువునా ముంచేది పెద్ద అబద్ధం కాదు. పెద్దదాన్ని చెప్పేముందు మనిషి భయపడతాడు, నాలుగు వైపులా చూసుకుంటాడు. చిన్నదాన్ని చెప్పేటప్పుడు అది అబద్ధమని కూడా అనిపించదు. మెషీను మాటకి ఈవిడ సాక్ష్యం, ఈవిడ మాటకి మెషీను సాక్ష్యం. రెండు ఖాళీ సంచులు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి.

"పదకొండింటికి నన్ను తీసుకెళ్తారటగా," అంది ఆవిడ, పాప వీపు నిమురుతూ. "ఇదెక్కడుంటుందండీ?"

గడియారం పదీ ముప్పై నాలుగు చూపిస్తోంది.

"మేస్త్రి నిన్నటి లెక్కంతా తియ్యి. మొదటినుంచీ."

కోచ్ పాపని మళ్లీ పరుపుల మధ్య పడుకోబెట్టి ట్యాబ్ తెచ్చింది. ఇద్దరూ హాల్లోకి వచ్చి ఛాతీ మెషీను దగ్గర నిలబడ్డారు. కాళ్ల మెషీను: ఆరూ ఐదు. వెన్ను మెషీను: ఆరూ పన్నెండుకి మొదలు, ఆరూ పదిహేడుకి ముగింపు. తర్వాత ఛాతీ మెషీను: ఆరూ నలభై ఒకటి.

"మధ్యలో ఇరవై నాలుగు నిమిషాలు," అన్నాడు నిదానం.

"ఆయన అంతసేపు ఆగరండీ." కోచ్ కనుబొమలు ముడిపడ్డాయి. మొదటిసారి ఆవిడ భయం పక్కకి జరిగి, దాని వెనకున్న పనిమంతురాలు ముందుకొచ్చింది. "ఒకసారి ఫోనొస్తే మాట్లాడుతూ కూడా తొంభైకి మెషీను ఎక్కేశారు. ఇరవై నాలుగు నిమిషాలు ఆగాలంటే..."

నిదానానికి అర్థమైంది. ఆ ఇరవై నాలుగు నిమిషాల్లో ఎక్కడో మేస్త్రి ప్రాణం ఆగిపోయింది. మిగతాది ఇంకెవరో చేశారు. అతని మణికట్టు నుంచి పట్టీ తీసి, సీటు తమ ఎత్తుకి దించుకుని, మూడు సెట్లు తోసి, పట్టీ మళ్లీ అతనికే తొడిగి, మనిషిని తెచ్చి కూర్చోబెట్టారు. గుండె జబ్బు మనిషి పేరు మీద మూడింతల బరువు కనిపిస్తే డాక్టరు ఇంకేం వెతుకుతాడు? అడిగిన ప్రశ్నకి జవాబు ముందే దొరికితే ఎవరూ శవాన్ని రెండోసారి చూడరు.

తప్పు అడిగితే తప్పే చెబుతుంది.

"సార్," అంది కోచ్ ఉన్నట్టుండి, "లోపలి గీతలు చూశారా?"

"ఏ గీతలు?"

"ఎవరూ తెరవరండీ. ఓనరుకి కూడా తెలీదు, బరువూ లెక్కా కనిపిస్తే చాలంటారు అందరూ. ఈ మెషీనుకి రెండు పిడులూ విడివిడి కదా. ఏ చెయ్యి ఎంత దూరం తోసిందో వేర్వేరుగా గీస్తుంది. నీలం కుడిచెయ్యి, ఎరుపు ఎడమచెయ్యి. మీ భుజం బాగవుతోందో లేదో నేను చూసేది ఇందులోనే."

ముందు నిదానానిదే తెరిచి చూపించింది. ఎర్రగీత అలల్లా సాఫీగా ఉంది. నీలంగీత మెట్లు దిగే ముసలివాడిలా తడబడుతోంది. తర్వాత మేస్త్రి శనివారం గీతలు. అవి రెండు గీతలని చెబితే గానీ తెలీదు, ఒకదాని మీద ఒకటి అతికించినట్టున్నాయి. ప్రతి అల పక్కదానికి కవల.

తర్వాత సోమవారం.

నీలం అలలు పైకి లేచాయి, మేస్త్రి పొట్టి చేతులు ఎన్నడూ చేరనంత పైకి. ఎర్రవి వాటి వెంట లేచి, ఒకచోట ఆగిపోయాయి. ప్రతిసారీ అక్కడే. నిదానం వేలితో లెక్కపెట్టాడు. ఇప్పుడు ఏ లెక్కా తప్పకూడదు. ముప్పై మూడు అలలు. ముప్పై మూడుసార్లూ ఎరుపు నీలానికి అంతే కింద ఆగింది.

"అలసిపోతే ఇలా అవుతుందా?"

"అలసిపోతే చివర్లో తగ్గుతుందండీ. ఇది మొదటిదానికే తగ్గింది, ఆఖరిదానికీ అంతే ఉంది. నొప్పి కూడా కాదు, నొప్పయితే వణుకు కనిపిస్తుంది." కోచ్ గొంతు తగ్గింది. "ఈ మోచెయ్యి పూర్తిగా చాపుకోదు. చిన్నప్పుడెప్పుడో విరిగి, వంకరగా అతుక్కుని ఉంటుంది. మనిషికి బలం ఉంది, చెయ్యే రాదు. తేడా ఎంతంటే..."

ఎడమచేతి నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి, అడ్డంగా పట్టుకుని చూపించింది.

నిదానం ఆ నాలుగు వేళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. హాలంతా ఒక్కసారి దూరంగా జరిగింది.

ఒక ఎండపూట. కొత్తగా పెళ్లయిన రోజులు. పదకొండేళ్ల కుర్రాడు సైకిలు మీద. వెనక సీటు పట్టుకుని పరిగెడుతున్నది తనే. "వదలకు బావా! వదలకు!" అంటున్నాడు వాడు నవ్వుతూ. నేర్చుకోవాలంటే వదలాల్సిందే కదా అని వదిలాడు. వాడు రాళ్ల గుట్ట మీద పడ్డాడు, ఎడమచెయ్యి కింద పెట్టి. "బెణికిందిలే, మగపిల్లాడివి, ఏడుస్తావా," అని కట్టు కట్టాడు. మూడోరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఎముక తన దారి తాను చూసుకుంది. తర్వాత పోలీసు ఉద్యోగానికి పరీక్షలో ఆ చెయ్యి పట్టుబడకుండా డాక్టరుకి చెప్పిందీ తనే. అప్పు తీర్చుకున్నాననుకున్నాడు. వాడు మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కున్నాడు, అంతే.

ఒకటి కదిలితే దాని వెనక ఇంకొకటి కదిలింది. గడియారం బాగుచేసే ప్రతివాడూ మూత లోపల సూదిమొనతో తన గుర్తు గీస్తాడు. ఐదేళ్ల క్రితం ఒక హత్యకేసులో, ముద్దాయి ఇంట్లో దొరికిన గడియారం హతుడిదేనని ఆ గుర్తు చూసి చెప్పింది ఈ మేస్త్రే. విచారణకి ముందురోజు స్టేషన్లో సాక్ష్యాలు దాచే గదిలోంచి ఆ గడియారం మాయమైంది. గది నిదానం పూచీలో ఉంది. కేసు పోయింది, అతని ఉద్యోగమూ పోయింది. ఆ గదికి రెండో తాళం కూడా ఉండేది, బావమరిది దగ్గర. విచారణలో ఎవరూ అడగలేదు. నిదానం చెప్పలేదు. ఇంటి మనిషి.

ఇన్నాళ్లకి ఆ గడియారం ఎవరి చేతిమీద నుంచో తిరిగి తిరిగి, తన గుర్తు గీసిన మనిషి బల్ల మీదికే మరమ్మతుకి చేరింది.

పక్క పార్కు. ఆరు నిమిషాలు. 'ఈ తలుపు ఎప్పుడూ ఇంతే.'

నిదానానికి ఒక్కటే ఆలోచన వచ్చింది, సిగ్గుపడాల్సిన ఆలోచన: ఈ పేజీ మూసేస్తే? చూసింది తనూ ఈ అమ్మాయీ. అమ్మాయికి చెయ్యి తెలిసింది గానీ మనిషి తెలీదు. ఇంట్లో భార్య ముగ్గురికి వడ్డించడానికి ఏర్పాట్లు చేస్తూ ఉంటుంది. ఆవిడకి ఉన్నది ఒక్క తమ్ముడు, తమ్ముడంటే కూడా కాదు, మొదటి కొడుకు.

పరుపుల గూట్లోంచి పాప చిన్నగా మూలిగింది.

"సార్, ఏమైందండీ?" అంది కోచ్.

అతను నోరు తెరిచేలోపు కుడి రెక్క గోడకి తగిలింది. ఎడమ రెక్క సగంలో ఆగి వెనక్కొచ్చింది.

"పదీ యాభై ఎనిమిది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ లోపలికొస్తూ. "నీ పేరుకి తగ్గట్టు ఇంకా మొదటి పేజీలోనే ఉన్నావా బావా?"

"ఇన్‌స్పెక్టర్ గారూ!" నిదానం చెయ్యి పైకి లేచేలోపే కోచ్ రెండడుగులు ముందుకి వేసింది. నిన్నటినుంచీ మొదటిసారి ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది. "ఇది చూడండి సార్! ఇది మేస్త్రి గారి చెయ్యి కాదు! ఆయన పట్టీతో ఇంకెవరో తోశారు. సీటూ వాళ్లదే, ఆగిన టైమూ వాళ్లదే. చెయ్యి ఎలాంటిదో కూడా ఇందులో పడింది!"

ఇన్‌స్పెక్టర్ నడక ఆగలేదు, కాస్త నెమ్మదించింది. ఛాతీ మెషీను అవతలి వైపుకి, స్టోరు గది పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"బరువూ లెక్కా కాక ఇంకా ఏవో రాస్తుందా ఇది?" అన్నాడు. గొంతులో ఆశ్చర్యం నిజంగానే ఉంది.

"రాస్తుందట," అన్నాడు నిదానం. "నాకూ ఇప్పుడే తెలిసింది."

"ఎవరి చెయ్యో తెలిసిందా బావా?"

ఆ ప్రశ్నలో బెదిరింపు లేదు. చాలా ఏళ్ల కిందట, సైకిలు మీదినుంచి వెనక్కి తిరిగి చూడకుండా, 'పట్టుకునే ఉన్నావా బావా?' అని అడిగిన గొంతు అది. అప్పుడు నిదానం వదిలేసి పది గజాలయింది. ఉన్నానురా అని అబద్ధం చెప్పాడు.

"ఇంకా తెలీదు," అన్నాడు ఇప్పుడు.

ఇన్‌స్పెక్టర్ అతని కళ్లలోకి చూశాడు. ముప్పై ఏళ్లు ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల మధ్య అబద్ధం నిలబడటానికి చోటుండదు.

"తెలీకపోతే పోన్లే. దాన్ని ఇటివ్వు. అది సాక్ష్యం, నా దగ్గరుండాలి."

మెషీను మీదుగా వంగి, ట్యాబ్ కోసం రెండు చేతులూ చాపాడు. కుడిచెయ్యి వచ్చి అంచుని పట్టుకుంది. ఎడమచెయ్యి కూడా వచ్చింది, వచ్చి, అంచుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది.

నిదానం ట్యాబ్ వదల్లేదు. ఈసారి రెండు చేతులతో పట్టుకున్నాడు, చెడిన భుజం మంటెత్తుతున్నా.

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూడటం లేదు. కోచ్ వైపు చూస్తున్నాడు. రోజూ ఆరింటినుంచి మనుషుల మోచేతులు చూడటమే ఆవిడ పని. అలవాటుకొద్దీ ఆవిడ చూపు ఆ చేతి మీద పడింది, మోచెయ్యి దాకా పాకింది, అక్కణ్నుంచి ఎర్రగీత మీదికి వచ్చింది, మళ్లీ చేతి మీదికి వెళ్లింది. మొహంలోని వెలుగు ఎవరో ఊదేసినట్టు ఆరిపోయింది.

ఆవిడ చూడటాన్ని ఇన్‌స్పెక్టర్ చూశాడు.

మెల్లగా ఎడమచెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అంతలో లోపలినుంచి పాప గట్టిగా ఏడ్చింది. అతను తల తిప్పి ఆ చప్పుడు వచ్చిన వైపు చూశాడు. మొహంలో చిన్నప్పటి నవ్వు మళ్లీ వచ్చింది.

"పాపా?" అన్నాడు ఎంతో మెత్తగా. "పాపం, ఒక్కతే ఉందా లోపల?"

స్టోరు గది తలుపుకి ముగ్గురిలో దగ్గరగా ఉన్నది అతనే.